బుద్ధుడి ధ్యానాన్ని సైన్స్ నిరూపించిందా? మాత్రలు ఆపి పదిరోజుల కోర్సుకు వెళ్ళవచ్చా?

విజయవాడ నుంచి 29 ఏళ్ళ ఉద్యోగి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. ఆందోళనకు ఏడాదిగా ఎస్సిటలోప్రామ్ 10 ఎంజీ వాడుతున్నారు, ఇప్పుడు చాలావరకు నయం. "బౌద్ధ ధ్యానం మెదడునే మార్చేస్తుందని సైంటిస్టులు నిరూపించారట. మా బాబాయి మాత్రలు ఆపేసి పదిరోజుల విపస్సన కోర్సుకు వెళ్ళమంటున్నారు. ఇందులో నిజమెంత? వెళ్ళమంటారా?" అని రాశారు.

నేను గుంటూరులో మానసిక వైద్యుణ్ణి. ప్రాక్టీసు మొదలుపెట్టి ఇరవై ఆరేళ్ళయింది. పద్దెనిమిదేళ్ళుగా పొద్దున్నే లేచి ధ్యానానికి కూర్చుంటున్నాను, పదిరోజుల కోర్సులు నాలుగు చేశాను. ఈ ప్రశ్నకు రెండువైపుల నుంచీ జవాబు చెప్పగలననే రాస్తున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. ధ్యానం మొదలుపెట్టండి, ఈరోజే మొదలుపెట్టండి. పదిరోజుల కోర్సుకు ఇప్పుడే వద్దు. మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఇక సైన్స్ సంగతి. ధ్యానంలో ఒక చిన్న భాగాన్ని సైన్స్ పరీక్షించింది. ఆందోళన, డిప్రెషన్, నొప్పి ఉన్న చాలామందికి ఆ భాగం ఒక మోస్తరు మేలు చేస్తుందని తేలింది. బుద్ధుడు చెప్పిన అసలు సంగతిని, అంటే దుఃఖం పూర్తిగా ఆగిపోవడాన్ని, ఏ ల్యాబూ ఇంతవరకు పరీక్షించలేదు. "నిరూపించారు" అనే ఒక్క మాటలో ఈ రెండూ కలిపేస్తున్నారు, చిక్కంతా అక్కడే వస్తోంది.

మాత్ర గురించి ముందు ఎందుకు చెప్పానంటే, మీకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న ప్రమాదం అదే. ఏడాదిగా వాడుతున్న ఎస్సిటలోప్రామ్‌ను ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో కొందరికి తల తిరుగుతుంది, తలలో కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది, నిద్ర చెదిరిపోతుంది, ఏడుపు ముంచుకొస్తుంది. ఇంట్లో ఉంటే డాక్టరుకు ఫోన్ చేస్తారు. కోర్సులో మీ ఫోన్ ముందే తీసి పెట్టేస్తారు, పదో రోజు పొద్దుటి దాకా మౌనం. మూడో రోజున ఇవన్నీ మొదలైతే, లోపలి పాత సంస్కారాలు, అంటే మనసులో పేరుకున్న పాత ముద్రలు, బయటికొస్తున్నాయి కాబోలు, ఓర్చుకోవాలి అనుకుంటారు. అవి సంస్కారాలు కావు, మాత్ర మానేసిన లక్షణాలు. ఈ పొరపాటు పడ్డవాళ్ళను నేను ముగ్గుర్ని చూశాను.

ఇక పరిశోధనల విషయం. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్ జిన్ అనే ఆయన ఎనిమిది వారాల కార్యక్రమం ఒకటి తయారుచేశారు. మందులతో తగ్గని నొప్పులున్నవాళ్ళకు శ్వాస మీద, శరీరం మీద ధ్యాస పెట్టడం నేర్పారు. పునర్జన్మ, నిర్వాణం, త్రిశరణాలు ఇవేవీ అందులో ఉండవు. ఆసుపత్రుల్లో పరీక్షించినది ఎక్కువగా ఇలాంటి కార్యక్రమాలనే. 2014లో అమెరికన్ వైద్య పత్రిక ఒకటి 47 ట్రయల్స్‌ను, మొత్తం 3,515 మందిని కలిపి లెక్కేసింది. ఆందోళన, డిప్రెషన్, నొప్పి కొంత తగ్గుతాయని తేలింది. అదే వ్యాసంలో ఇంకో మాట కూడా ఉంది: వ్యాయామం, మందులు లాంటి వేరే చికిత్సల కంటే ధ్యానం మెరుగని చెప్పడానికి ఆధారం దొరకలేదు. వీడియోల్లో మొదటి వాక్యం వినిపిస్తుంది, రెండోది వినిపించదు.

మీకు నేరుగా పనికొచ్చే ట్రయల్ 2022లో వచ్చింది. ఆందోళన జబ్బులున్న 276 మందిలో సగం మందికి మీరు వాడుతున్న ఎస్సిటలోప్రామే ఇచ్చారు, మిగతా సగానికి ఆ ఎనిమిది వారాల ధ్యానం నేర్పారు. చివర్లో చూస్తే రెండు వర్గాలకూ ఇంచుమించు ఒకే మేలు. ఇది చిన్న విషయమేమీ కాదు. నేను చదివిన రోజున నిజంగా సంతోషించాను. కానీ ఆ ధ్యానం ఎంతసేపో చూడండి: వారానికోసారి రెండున్నర గంటల క్లాసు, ఇంట్లో రోజూ 45 నిమిషాలు, మధ్యలో ఒకరోజంతా సాధన. బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని యాప్‌లో ఐదు నిమిషాలు వినడానికి ఈ ఫలితం వర్తించదు. మాత్ర వాడుతూ బాగున్నవాళ్ళు దాన్ని ఠక్కున ఆపి ధ్యానానికి మారవచ్చని కూడా ఆ ట్రయల్ చెప్పలేదు.

డిప్రెషన్ విషయంలో ఇంకా గట్టి ఆధారం ఉంది. 2000లో టీస్‌డేల్, సీగల్, విలియమ్స్ బృందం చేసిన ట్రయల్లో, అంతకుముందు మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు డిప్రెషన్ వచ్చినవాళ్ళలో మామూలు వైద్యం మీదే ఉన్నవారికి 66 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ధ్యానం కలిసిన శిక్షణ తీసుకున్నవారిలో అది 37 శాతం. రెండుసార్లే వచ్చినవాళ్ళకు మాత్రం తేడా కనిపించలేదు. అంటే ఇది అందరికీ ఒకేలా పనిచేసే మందు కాదు.

ఇది ఎలా పనిచేస్తుందో నాకు పుస్తకాల కంటే ఒక టీచరమ్మ బాగా నేర్పారు. (ఆవిడ అనుమతితోనే, ఆనవాళ్ళు మార్చి రాస్తున్నాను.) ఆవిడకు నాలుగుసార్లు డిప్రెషన్ వచ్చింది. శిక్షణ తీసుకున్న మూడో నెలలో ఒకరోజు వచ్చి ఇలా చెప్పారు: "పొద్దున పాలు పొంగిపోయాయి డాక్టర్ గారూ. స్టవ్వంతా పాలే. గుడ్డ తీసుకుని తుడుస్తుంటే 'నేను దేనికీ పనికిరాను' అని లోపల వినిపించింది. ఇదివరకైతే ఆ మాట వెంటే పోయి మధ్యాహ్నానికి మంచమెక్కేదాన్ని. ఇవాళ 'అదిగో, మళ్ళీ ఆ మాట వచ్చింది' అనిపించింది. గుడ్డ పిండేసి టిఫిన్ చేశాను." ఆలోచన రావడం ఆగలేదు, వచ్చినది ఆలోచనే అని ఆవిడకు తెలిసింది. సతిపట్ఠాన సుత్తంలో (సుత్తం అంటే బుద్ధుడి బోధ) చిత్తానుపస్సన, అంటే మనసును గమనించడం, అని బుద్ధుడు చెప్పినదీ, ఆసుపత్రిలో మేం నేర్పేదీ ఇక్కడ చాలా దగ్గరగా వస్తాయి.

ఆవిడ కూడా మాత్రలు ఆపారు. ఏడు నెలల్లో, మెట్టు మెట్టుగా, ప్రతి మెట్టు దగ్గరా నాకు చూపించుకుంటూ ఆపారు. 2015లో ఇంగ్లండులో 424 మంది మీద జరిగిన పెద్ద ట్రయల్లోనూ డాక్టర్ల సాయంతోనే మందు తగ్గించారు. రెండేళ్ళలో ధ్యానం వర్గంలో 44 శాతం మందికి, మందు కొనసాగించిన వర్గంలో 47 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. దాదాపు సమానమన్నమాట. రెండిట్లోనూ సగానికి దగ్గరగా తిరగబెట్టిందన్నది కూడా మరిచిపోకూడదు.

నొప్పి విషయంలో సుత్తానికీ సైన్స్‌కీ పోలిక నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. సంయుత్త నికాయం అనే బోధల సంకలనంలో సల్లత్థ సుత్తం అని ఒకటుంది. మామూలు మనిషికి నొప్పి కలిగితే రెండు బాణాలు తగిలినట్టని బుద్ధుడు అంటాడు. ఒకటి శరీరానికి, రెండోది మనసుకు. సాధన ఉన్నవాడికి మొదటి బాణమే తగులుతుంది. నా రెండో కోర్సులో ఐదో రోజు నాకిది అనుభవంలోకి వచ్చింది. గంటసేపు కదలకుండా కూర్చునే అధిష్ఠానం అది. నలభయ్యో నిమిషానికి కుడి మోకాలు మండిపోతోంది. ఎటూ పోలేక దాన్నే చూడసాగాను. చూస్తుంటే ఒకటే అనుకున్నది విడివిడిగా కనిపించింది: మోకాలి చిప్ప కింద వేడి, గుండెతో పాటు కొట్టుకుంటున్న ఒక పోటు, దవడ బిగింపు, వీటన్నిటి మీదా "గంట ఇంకా కొట్టరేం, కాలు చచ్చుబడుతుందేమో" అనే భయం. భయం తగ్గిన క్షణాల్లో వేడీ పోటూ అలాగే ఉన్నాయి, బాధ మాత్రం సగమైంది. గంట కొట్టాక లేచి నడిస్తే కాలికి ఏమీ కాలేదు.

తర్వాత అమెరికాలో ఫాదెల్ జెయిదాన్ బృందం చేసిన ప్రయోగాలు చదివాను. చర్మం మీద వేడి పెట్టి కలిగించిన నొప్పి ధ్యానంతో తగ్గింది, అదీ ఉత్తుత్తి మందుతో తగ్గినదానికంటే ఎక్కువగా. శరీరం సొంతంగా తయారుచేసుకునే నల్లమందులాంటి రసాయనాలను అడ్డుకునే నాలాక్సోన్ ఇంజెక్షన్ ఇచ్చినా ఆ ఫలితం పోలేదు. అంటే ధ్యానం వేరే దారిలో పనిచేస్తోందన్నమాట. ఇది నాకు బాగా నచ్చిన పని. సుత్తం నిజమని చెప్పడానికి వాళ్ళు ఈ ప్రయోగం చేయలేదు, నొప్పి ఎలా తగ్గుతుందో తెలుసుకోవడానికి చేశారు.

ఇక "మెదడే మారిపోతుంది" అన్న మాట. 2011లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. ఎనిమిది వారాల ధ్యానం చేసిన 16 మందికి స్కాన్ తీస్తే జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో బూడిదరంగు పదార్థం పెరిగినట్టు కనిపించింది. మీ బాబాయిగారు చూసిన వీడియోకి మూలం బహుశా ఇదే. 2022లో అదే ప్రశ్నను 218 మందితో, ఇంకా కట్టుదిట్టంగా పరీక్షిస్తే ఆ మార్పులేవీ కనిపించలేదు. గొప్ప సంగతేమిటంటే ఈ రెండో అధ్యయనం చేసినవాళ్ళలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ డేవిడ్‌సన్ ఉన్నారు. టిబెటన్ భిక్షువులను ల్యాబుకు రప్పించి 2004లో ధ్యానం మీద ప్రపంచమంతా మాట్లాడుకునేలా చేసిన పరిశోధనలో భాగస్వామి ఆయనే. తమకు ఇష్టమైన విషయానికి వ్యతిరేకంగా ఫలితం వచ్చినా దాచకుండా అచ్చువేశారు. సైన్స్‌ను నమ్మాల్సింది ఇందుకే.

ఆ 2004 అధ్యయనం గురించి కూడా ఒక మాట. అందులో ఎనిమిది మంది సాధకులు. ఒక్కొక్కరు 10,000 నుంచి 50,000 గంటలు సాధన చేసినవారు. కరుణ ధ్యానంలో వాళ్ళ మెదడులో గామా తరంగాలు అసాధారణంగా పెరిగాయి. అయితే ధ్యానానికి ముందు, ఊరికే కూర్చున్నప్పుడు కూడా వాళ్ళ తరంగాలు మామూలు విద్యార్థుల కంటే వేరుగానే ఉన్నాయి. సాధన వల్ల అలా మారారా, అలాంటి మెదడున్నవాళ్ళే భిక్షువులై అన్నేళ్ళు కూర్చోగలిగారా అన్నది ఆ ఒక్క అధ్యయనంతో తేలదు.

మన అమరావతి స్తూపం ఫలకాల్లో పాతవాటిని చూసే ఉంటారు. వాటిలో బుద్ధుడి బొమ్మ ఉండదు. ఖాళీ ఆసనం ఉంటుంది, పాదముద్రలుంటాయి, బోధివృక్షం ఉంటుంది. నాకు బ్రెయిన్ స్కాన్ చూసినప్పుడల్లా ఆ పాదాలు గుర్తొస్తాయి. ఎవరో నడిచారని ముద్ర చెబుతుంది. ఆ మనిషి ఏం చూశాడో, ఏ బాధ నుంచి బయటపడ్డాడో ముద్రలో దొరకదు. 2006 జనవరిలో అదే అమరావతిలో దలైలామా కాలచక్ర అనే పెద్ద బౌద్ధ దీక్షా కార్యక్రమం నిర్వహించినప్పుడు నేనూ ఒకరోజు వెళ్ళి ఆ జనంలో కూర్చున్నాను. బౌద్ధంలోని ఏదైనా మాట తప్పని సైన్స్ తేల్చితే బౌద్ధమే మారాలని ఆయన అంతకుముందు ఏడాదే పుస్తకంలో రాశారు. సైంటిస్టులతో ఆయన సంభాషణలు 1987లోనే ధర్మశాలలో మొదలయ్యాయి. ఒక మతపెద్ద ఆ మాట అనడం మామూలు ధైర్యం కాదు.

నాగార్జునుడి శూన్యవాదమూ క్వాంటం ఫిజిక్సూ ఒకటేనని కూడా కొందరు మీకు చెబుతారు. మన నేల ఆయన్ని తనవాడిగా చెప్పుకుంటుంది కాబట్టి వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఏ వస్తువుకూ తనదంటూ స్వభావం లేదని ఆయన తర్కంతో వాదించాడు. క్వాంటం సిద్ధాంతం లెక్కలతో, కొలతలతో నిలబడింది. మాటలు కలిసినంత మాత్రాన దారులు కలవవు.

ఊపిరి సంగతి మీరే పరీక్షించుకోవచ్చు. ఎడమచేతి మణికట్టు మీద, బొటనవేలి వైపు, కుడిచేతి రెండు వేళ్ళు పెట్టి నాడి పట్టుకోండి. నిదానంగా గాలి పీల్చండి, ఇంకా నిదానంగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కొంచెం వడిగా, వదిలేటప్పుడు కొంచెం మెల్లగా కొట్టుకోవడం మీ వయసులో బాగా తెలుస్తుంది. వదిలే ఊపిరితో పాటు, మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ అనే నరం గుండెకు కళ్ళెం వేస్తుంది. 2001లో ఇటలీ పరిశోధకులు లాటిన్ జపమాల ప్రార్థననూ, ఓం మణి పద్మే మంత్రాన్నీ పోల్చి చూశారు. రెండూ ఊపిరిని నిమిషానికి దాదాపు ఆరుకు తెచ్చాయి, గుండె లయ మీద రెండిటి ప్రభావమూ ఒకటే. కాబట్టి ఆ నెమ్మది బౌద్ధానికే సొంతం కాదు. విష్ణు సహస్రనామం నిదానంగా చదివే మీ నాయనమ్మకూ అది దొరుకుతూ ఉండవచ్చు.

మరి బుద్ధుడు నేర్పింది ఏమిటి? ఆనాపానసతిలో, అంటే ఊపిరిని గమనించే ధ్యానంలో, ఊపిరిని మార్చమని లేదు. దీర్ఘంగా పీలిస్తే దీర్ఘంగా పీలుస్తున్నానని తెలుసుకోవాలి, పొట్టిగా పీలిస్తే పొట్టిగా పీలుస్తున్నానని తెలుసుకోవాలి. చూసేకొద్దీ ప్రతిదీ పుట్టి పోతోందని తెలియడం అసలు పని. మనసు నెమ్మదించడం దారిలో వచ్చేది. మా ఆసుపత్రికి వచ్చేవాళ్ళకు ఆ దారిలో వచ్చేదే కావాలి, అందులో తప్పేమీ లేదు. ఆ అసలు పనికి శీలం, అంటే మంచి నడవడి, పునాది అని సంప్రదాయం గట్టిగా చెబుతుంది. ఎనిమిది వారాల కార్యక్రమంలో శీలం పాఠం ఉండదు.

ధ్యానం వల్ల నష్టం కూడా జరగవచ్చు. ఈ మాట అంటే సాధకులు కొందరికి కోపం వస్తుంది. కానీ ఇది మొదట చెప్పింది త్రిపిటకమే. వైశాలిలో బుద్ధుడు శరీరం అశుభమని భావించే ధ్యానం బోధించి పదిహేను రోజులు ఏకాంతానికి వెళ్ళాడు. ఈలోగా చాలామంది భిక్షువులు శరీరం మీద అసహ్యం పెంచుకుని ప్రాణాలు తీసుకున్నారు. తిరిగొచ్చాక భిక్షువులు ఇంత తక్కువగా కనిపిస్తున్నారేమని ఆయన అడిగితే, ఆనందుడు జరిగింది చెప్పి, ఇంకో పద్ధతి బోధించమని వేడుకున్నాడు. అప్పుడు బోధించిందే ఆనాపానసతి. ఇష్టమైన గురువు చెప్పిన పద్ధతి అయినా మనిషికి పడకపోతే మార్చాల్సిందేనని నేను ఆ కథలో చదువుకున్నాను. 2017లో అమెరికాలో లిండాల్, బ్రిటన్ అనే పరిశోధకులు బౌద్ధ సాధకులతో మాట్లాడి రాసిన అధ్యయనంలో కూడా భయం, నిద్రలేమి, తాను తాను కానట్టు అనిపించడం లాంటివి నమోదయ్యాయి.

నా దగ్గరికి వచ్చిన ఇరవై రెండేళ్ళ కుర్రాడి సంగతి చెప్పి తీరాలి. అతనికి మితిమీరిన హుషారూ కుంగుబాటూ మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు, మందుతో ఏడాదిన్నర నిలకడగా ఉన్నాడు. ఎవరికీ చెప్పకుండా మందు ఆపేసి కోర్సులో చేరాడు. దరఖాస్తులో మానసిక జబ్బు గురించి అడిగిన చోట "లేదు" అని రాశాడు. నాలుగో రాత్రి నిద్ర పోలేదు. ఐదో రోజు మౌనం వదిలేసి, తనకు జ్ఞానోదయమైందని అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. అక్కడివాళ్ళు వెంటనే ఇంటికి ఫోన్ చేశారు, వాళ్ళ తప్పేమీ లేదు. తండ్రి కారులో తీసుకొచ్చేసరికి అతను ఇంకా నిద్ర లేకుండానే ఉన్నాడు. మూడు వారాలు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. రోజుకు పది గంటల ధ్యానం, తెల్లవారుజామున నాలుగింటికి గంట, తక్కువ నిద్ర: ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు తట్టుకుంటారు. బైపోలార్, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళకు, ఇంట్లో దగ్గరివాళ్ళకు అవి ఉన్నవాళ్ళకు నేను పదిరోజుల కోర్సు వద్దనే చెబుతాను. మీ కుటుంబంలో ఎవరికైనా ఉందేమో ఒకసారి అమ్మానాన్నల్ని అడగండి.

ఇక ఎలా మొదలుపెట్టాలి. పొద్దున పది నిమిషాలు, కుర్చీలోనైనా సరే. ముక్కు రంధ్రాల దగ్గర గాలి తగలడాన్ని గమనించండి. మనసు పోతుంది. పోయిందని తెలిసిన క్షణమే సాధన, తిరిగి తీసుకురండి. వారానికి ఐదు నిమిషాలు పెంచండి.

ముక్కు దగ్గర కుదరనివాళ్ళు కూడా ఉంటారు. మిర్చి యార్డులో పనిచేసే గుమస్తా ఒకాయన నిద్ర పట్టక నా దగ్గరికొచ్చారు. మార్చి నెల, సీజను మంచి ఊపులో ఉంది. మధ్యాహ్నం కాటా ఆగినప్పుడు టిక్కీల (మిర్చి బస్తాల) పక్కనే కూర్చుని శ్వాస చూడమన్నాను. వారం తర్వాత వచ్చి, "అక్కడ ముక్కు మీద ధ్యాస పెడితే తుమ్ములే డాక్టర్ గారూ, గుండె ఇంకా దడదడలాడుతోంది" అన్నారు. నాకు ముందే తట్టాల్సింది. ఆ ఘాటులో ఊపిరి చూడమనడం నా పొరపాటు. చెప్పులు విడిచి అరికాళ్ళు నేలకు ఆనించి, ఆ స్పర్శను చూడమన్నాను. గచ్చు చల్లదనం, మడమ మీద బరువు, కాలివేళ్ళ మధ్య ఇసుక. అది ఆయనకు సరిపోయింది. ఆందోళన ఎక్కువగా ఉన్నవాళ్ళకు ఊపిరి చూస్తే ఊపిరాడనట్టు అనిపించడం నేను తరచూ చూస్తాను. మీకూ అలా అనిపిస్తే పట్టుదలకు పోకుండా అరికాళ్ళకు మారండి.

ఎనిమిది వారాలు ఇలా చేశాక మీ డాక్టరు దగ్గరికి వెళ్ళి, మాత్ర తగ్గించే సమయం వచ్చిందా అని అడగండి. తగ్గిస్తే నెలల మీద తగ్గించాలి. పూర్తిగా ఆపాక కనీసం ఆరు నెలలు బాగుంటే అప్పుడు పదిరోజుల కోర్సు ఆలోచించండి. మీకు దగ్గరలో ఏలూరు పక్కన విజయరాయిలో కేంద్రం ఉంది, నాగార్జునసాగర్‌లో ఇంకొకటి ఉంది. ఫీజు ఉండదు, చేసినవాళ్ళ విరాళాలతోనే నడుస్తాయి. దరఖాస్తులో జబ్బు పేరు, మందు పేరు, డోసు, ఎప్పుడు ఆపారో ఉన్నది ఉన్నట్టు రాయండి. వాళ్ళు ఇప్పుడు వద్దంటే ఆ ఏడాదికి ఇంట్లోనే కూర్చోండి.

ఈ మధ్యలో వరసగా రెండు రాత్రులు నిద్ర పట్టకపోయినా, చుట్టూ ఉన్నది నిజం కాదన్నట్టు అనిపించినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా ధ్యానం ఆ పూటే ఆపేసి డాక్టర్ని కలవండి. మీ బాబాయిగారికి కూడా ఈ జవాబు చూపించండి. ఆయన మీ మేలు కోరే చెప్పారు. వీలైతే పొద్దున ఆ పది నిమిషాలు ఆయన్నీ పక్కన కూర్చోమనండి.